సరోకాయల కోసం ఎల్లారెడ్డి దాకా

ఇందల్వాయి స్టేషనులో కామారెడ్డికి రెండు టికెట్లు తీసుకుని బండి ఎక్కగానే బాపుతో నా తగాదా మొదలైంది. ఏడింటికి రావలసిన బండి ఎనిమిదిన్నరకు వచ్చింది. పెట్టెలో బల్లలు ఖాళీగా ఉన్నాయి. నేను కిటికీ పక్క చోటు చూపించి కూర్చోమన్నాను.

“నువ్వు కూసో. నాకు ఈడ గాలి మంచిగ తగుల్తది” అని బాపు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

బాపు మగ్గం నేస్తాడు. కొన్ని నెలలుగా ముఖం పాలిపోయి, పోగుల మధ్య నాడె నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించేసరికి కళ్ళు తిరిగి మగ్గం మీదనే వాలిపోతున్నాడు. ఎక్కడో రక్తం పోతున్నదని అమ్మకు అనుమానం. పెళ్ళయిన నాటి నుంచి చెంబు కూడా కడగని మనిషి తన ధోవతి తానే ఉతుక్కుంటున్నాడట. ఏమైందని అడిగితే ఏం లేదంటాడు. ఇట్లాగే వదిలేస్తే మనిషి దక్కడని నాకు భయం పట్టుకుంది. నేను లెక్కలు రాసే బట్టల దుకాణంలో సేటు కాళ్ళావేళ్ళా పడి రెండు రోజుల సెలవు సంపాదించాను. కామారెడ్డి హకీంకు నాడి పడితే తెలియని రోగం లేదని మా వాడలో చెప్పుకుంటారు.

కామారెడ్డిలో దిగి, స్టేషను బయట చాయ్ తాగి, బజారులో దవాఖాన వెతుక్కుంటూ పోయాం. అరుగు మీద చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చింది. హకీం సాబు తెల్లగడ్డపు పెద్దమనిషి. తెలుగు మనలాగే మాట్లాడతాడు.

“ఏం తక్లీఫు?” అని అడిగాడు.

బాపు చెయ్యి చాపాడు.

“చెయ్యి తర్వాత. మొదలు బాధ చెప్పు.”

“నాడి జూసేది మీరు. నేను చెప్పుడేంది?”

అరుగు మీది జనమంతా మెడలు సాచారు. పక్కనున్న రైతు ఒకాయన నా చెవిలో, “మా బామ్మర్ది గూడ నోరిప్పలే. చెయ్యి పట్టంగనే చెప్పిండు” అన్నాడు. రోగం మనమే చెబితే హకీం గొప్పతనమేమిటని మా వైపు అందరి లెక్క. చచ్చేటంత బాధలో ఉన్నా సరే, ఆయనకు పరీక్ష పెట్టాల్సిందే! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటి దగ్గరైతే అరిచేవాణ్ణి.

హకీం నాడి చూశాడు, కనురెప్ప కిందికి లాగి చూశాడు. “రక్తం తగ్గింది. ఎక్కడ నుంచో కారుతున్నది” అన్నాడు. బాపు గోడకేసి చూశాడు. నోరు తెరవమంటే తెరిచాడు. పొగాకు నమిలి నమిలి చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రక్తం అక్కణ్ణుంచే అనుకుని హకీం తల ఊపి సరోకాయలు రాశాడు.

సరో అంటే తోటల్లో గోపురంలా నిటారుగా పెరిగే చెట్టు. దాని గుండ్రటి గట్టి కాయలను దంచి, నీళ్ళు సగం అయ్యేదాకా కాచి, ఆ కషాయంతో పుక్కిలించాలి, తాగకూడదు. గుప్పెడు కాయలు చాలట. ఆయనకు ఆ చెట్టంటే ఇష్టంలా ఉంది, ఆపకుండా చెప్పాడు. దాని గుణం కారే రక్తాన్ని బిగబట్టడమట. చిగుళ్ళకు పుక్కిలి, మొలలకు అదే కషాయం తొట్టిలో పోసుకుని కూర్చోవడం, కాళ్ళ నరాలు ఉబ్బితే కడుక్కోవడం, దగ్గుకు ఆకు ఆవిరి. అంతసేపూ గోడ చూసిన బాపు ఇప్పుడు ఆయన ముఖం చూస్తూ విన్నాడు.

తీరా మూలికలమ్మే అత్తారు దుకాణంలో కాయలు లేవు. ప్రపంచమంతా లడాయి మొదలైనప్పటి నుంచి బొంబాయి సరుకు రావడం లేదట. “ఎల్లారెడ్డి ఊర్ల పాత బంగ్లా తోటల చెట్టున్నది, పోయి తెచ్చుకోండ్రి” అన్నాడు దుకాణదారు, పక్క వీధికి పొమ్మన్నంత తేలికగా.

పెట్రోలు కరువు కాబట్టి బస్సు బొగ్గు గ్యాసుతో నడుస్తుంది. ఒంటిగంటకు ఎక్కాం. బొగ్గు రాజేయడానికే గంట పట్టింది. ఎత్తు వచ్చినచోటల్లా అందరూ దిగాలి. తిట్టుకోకుండా దిగింది బాపు ఒక్కడే. లింగంపేటలో అన్నం తిన్నాం. కారం లేనిదే ముద్ద దిగని మనిషి పెరుగన్నం చాలన్నాడు. వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచి రొట్టెలు కట్టుకోండి, అక్కడి పప్పు నీళ్ళే. ఎల్లారెడ్డి చేరేసరికి చీకటి పడింది. సత్రంలో చాప మీద బాపు బోర్లా పడుకున్నాడు.

పొద్దున్నే బంగ్లా తోటమాలిని బతిమాలుకుంటే లోపలికి రానిచ్చాడు. ఒకటే చెట్టు. కాయలు గోలీలకంటే కాస్త పెద్దవి, పైన పగుళ్ళు. నేను గుప్పెడు కోసి ఇక పోదామన్నాను. బాపు కండువా పరిచి కోస్తూనే ఉన్నాడు. మాలీ నవ్వాడు. “ఏంది బాపూ, దుకాణం గిట్ట పెడ్తవా?”

“గుప్పెడు చాలన్నాడు కదా! బస్సు పోతుంది!” అని నేను అరిచాను.

“పోనియ్యి. ఇంకోటి వస్తది.”

ఇంకొకటి మధ్యాహ్నం వచ్చింది. కామారెడ్డిలో సాయంత్రం బండి దొరికింది. మూట బల్ల మీద పెట్టి కూర్చున్నాను. బాపు మళ్ళీ నిలబడ్డాడు. ఎదురుగా ఒక అవ్వ కూర్చుని మూటను వాసన చూసి, ఏందని అడిగింది. చిగుళ్ళ మందన్నాను. ఆమె మూటను చూసింది, బాపును చూసింది.

“గిన్ని చిగుళ్ళకా? మొలలు బిడ్డా! మా ఇంటాయన గూడ గిట్లనే, ఏడాదంత నిలవడే బువ్వ తిన్నడు.”

పెట్టెలో నలుగురు తిరిగి చూశారు. బాపు కిటికీలోంచి ఉప్పల్వాయి చెట్లు చూస్తున్నాడు.

“బాపూ, నిజమేనా?”

“నేను చెప్పలే. గామె చెప్పింది.”

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండు రోజులు, ఒక పరీక్ష, ఒక బొగ్గు బస్సు! మగ్గం మీద కూలిపోయే దాకా దాచిన మాట ఒక్క ముక్కే. అమ్మకైనా చెప్పొచ్చు కదా అని అందరి ముందే అరిచాను. ఆయన నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

“తొట్టిల కూసోవాలె అన్నడు గద. మన గంగాళం సాలుతదా?”

“సాలుతది” అన్నాను.

కామారెడ్డి హకీం మంచివాడే. వెళ్ళేవాళ్ళు చెయ్యి చాపండి, కాని దయచేసి నోరు కూడా తెరవండి. సిర్నాపల్లి దాటాక నేనూ లేచి బాపు పక్కన కమ్మీ పట్టుకున్నాను. కూర్చోమని ఆయన కసిరాడు, నేను వినలేదు. ఇందల్వాయి దాకా బల్ల మీద సరోకాయల మూట ఒక్కటే కూర్చుంది.