ఒకే ఫోను, ఇరవై మూడు పేర్లు

పక్క వాటాలో ఎవరో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారు. ఆ ఘాటుకు మావారు కిటికీ మూసేశారు. నేను వెళ్ళి మళ్ళీ తెరిచాను. ఎస్తేరు మేడం గుర్తొచ్చారు. మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ మూత తీస్తే చాలు, మా స్టాఫ్ రూములో సగం మంది లేచి వరండాలోకి వెళ్ళిపోయేవారు. "పోండి, పోండి. నాకూ ఈ పిల్లకీ ఎక్కువ మిగుల్తాది" అని నవ్వేవారు. ఈ పిల్ల అంటే నేను. శృంగవరపుకోట నుంచి వచ్చి, కంప్యూటరు చదువు పూర్తి చేసి, విజయనగరంలో ఒక కాలేజీలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. అప్పట్లో నాకు చదువు కంటే పొగరే ఎక్కువ.

మేడం జీవశాస్త్రం ప్రయోగశాల చూసేవారు. ఏటా ఒకరోజు చుట్టుపక్కల బడుల పిల్లలను కాలేజీకి రప్పించి, మైక్రోస్కోపుల ముందు కూర్చోబెట్టే కార్యక్రమం కూడా ఆవిడదే. దానికి ఆవిడ సరంజామా అంతా ఒక పొడుగాటి అట్ట పుస్తకం, ఒక ఫోను. ఒక్కో బడికీ ఫోన్ చేసి పిల్లల పేర్లు రాసుకునేవారు. చివర్లో "మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అని తప్పకుండా అడిగేవారు. కార్యక్రమం ఎన్నింటికి ముగియాలో ఆ బస్సులను బట్టే తేల్చేవారు. నాకిదంతా చాదస్తంగా కనిపించేది. వెబ్‌సైటు పెట్టేద్దాం, ఎవరి పేరు వాళ్ళే నమోదు చేసుకుంటారు అన్నాను. పైవాళ్ళూ సరేనన్నారు.

బోర్డు మీద గళ్ళు గీసి మేడంకి వివరించాను. పేరు, తరగతి, బడి, ఫోన్ నంబరు. ఒక నంబరుకు ఒక్క పేరే. అదే నంబరుతో ఇంకోసారి పంపితే, మొదట తప్పు రాసి దిద్దుకుంటున్నారని అర్థం. పాతది పోయి కొత్తది నిలుస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటో అని నాకు నేనే మురిసిపోయాను. మేడం లేచి వచ్చి ఫోన్ నంబరు గడి మీద వేలు పెట్టారు.

"ఫోన్ ఎవరి సేతిలో ఉంటాదే?" అన్నారు.

"ఇంట్లో వాళ్ళ చేతిలో మేడం."

"మా అన్నయ్య ఏటకి ఎళ్తే ఫోన్ కూడా పడవలోనే ఎళ్తాది. ఆడు తిరిగొచ్చీదాకా ఇంట్లో ఇంకో ఫోన్ ఉండదు. మరి అలాంటోళ్ళో?"

"ఈ రోజుల్లో ఫోన్ లేనిదెవరికి మేడం? ఎక్కడో ఒకరిద్దరుంటారు. వాళ్ళ కోసం సిస్టమంతా మార్చలేం కదా" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి. ఈసారి ఎవరికీ ఫోన్లు చెయ్యక్కర్లేదని కూడా చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి బీరువాలో పెట్టారు.

నలభై మైక్రోస్కోపులు, నలభై చోట్లు. పట్నం బడుల పిల్లలు మొదటి పూటలోనే సగానికి పైగా నింపేశారు. గడువు అయిపోయేసరికి జాబితా పూర్తిగా నిండిపోయింది. సముద్రం ఒడ్డున ఒక బెస్తవారి ఊరు ఉంది. మేడం పుస్తకంలో ఏటా ఆ ఊరికి ఒక పేజీ ఉండేది. నా జాబితాలో ఆ ఊరి నుంచి ఒక్క పేరే కనిపించింది. వాళ్ళకి ఆసక్తి లేదు కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఒక్క ఫోన్ చేసి కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు.

కార్యక్రమం రోజు పొద్దున్నే రెండు ఆటోల్లో ఆ ఊరి పిల్లలు దిగారు. ఇరవై ముగ్గురు. తలలకు నూనె రాసుకుని, ఉతికిన యూనిఫాంలు వేసుకుని గేటు దగ్గర వరుసగా నిలబడ్డారు. వాళ్ళతో వచ్చిన అప్పన్న మాస్టారు నా చేతిలో జాబితా చూసి నిర్ఘాంతపోయారు.

"అందరి పేర్లూ నా ఫోన్లోంచి నేనే కొట్టినానమ్మా. తండ్రులందరూ ఏటకెళ్ళిపోనారు. కొట్టిన ప్రతిసారీ ధన్యవాదాలు అనే వచ్చింది."

ఆయన ఒక్కో పేరు కొట్టినప్పుడల్లా నా తెలివైన ఏర్పాటు దాని ముందు పేరును తుడిచేసింది. చివరి పేరు ఒక్కటే మిగిలింది. వరుసలో ముందున్న పదో తరగతి పిల్ల అడిగింది: "మా సారు నా పేరే ముందు కొట్టినారండి, నూకరత్నం. నేను లేనేటి?"

అప్పటికి మేడం వచ్చారు. "ఒకే నంబరు కావడంతో సిస్టం తీసేసింది మేడం" అన్నాను గొణుగుతూ.

"సిస్టానికేటి తెలుస్తాది? నువ్వు తీసీసినావు. ఆ మాట ఆ పిల్లకి నువ్వే సెప్పు."

నా జీవితంలో అంత కష్టమైన వాక్యం మరొకటి పలకలేదు. "నీ పేరు నేనే తీసేశానమ్మా. తప్పు నాది" అన్నాను. నూకరత్నం నా ముఖంలోకి చూసింది. ఏడవలేదు, కోప్పడలేదు. "అయితే ఇప్పుడు రాసుకోండి" అంది.

మేడం బీరువాలోంచి అట్ట పుస్తకం తెప్పించి నా చేతికిచ్చారు. గేటు దగ్గరే నిలబడి పేర్లన్నీ రాశాను. లోపల మేడం ఒక్కో మైక్రోస్కోపు ముందు ఇద్దరేసి పిల్లలను కూర్చోబెడుతున్నారు. పట్నం బడి టీచరొకావిడ "మా పిల్లల సమయం సగం పోతుంది" అంటూ పైవాళ్ళకు ఫిర్యాదు చేసింది. నూకరత్నం పక్కన కూర్చోబెట్టిన కుర్రాడు మొదట ముడుచుకుపోయి కుర్చీ జరుపుకున్నాడు. ఆ పిల్ల తన సంచికి అంటుకున్న చేప పొలుసు ఒకటి గోటితో గీకి తీసి గాజుపలక మీద పెట్టింది. "చెట్టు కాండానికున్నట్టే దీనికీ వలయాలుంటాయి, లెక్కెడితే సేప వయసు తెలుస్తాది" అన్నారు మేడం. ఆ తర్వాత ఆ కుర్రాడు కుర్చీ తనంతట తనే దగ్గరికి జరుపుకున్నాడు.

సాయంత్రం పైవాళ్ళు మేడంను తమ గదికి పిలిచారు. కొత్త ఉద్యోగం, తప్పేమో చిన్నది కాదు. బయట బల్ల మీద కూర్చున్న నాకు లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "ఎవరు చేశారిది?" అని గద్దించారు. "కార్యక్రమం నాదండి. ప్లాను సరిగ్గా సూసుకోలేదు, తప్పు నాదే" అన్నారు మేడం. నా పేరు ఎత్తనే లేదు. పొద్దున్న పిల్లల ముందు నన్ను దాక్కోనివ్వని మనిషి, పైవాళ్ళ ముందు నాకు అడ్డంగా నిలబడ్డారు. ఆవిడ బయటికొచ్చాక నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "ఊరుకో, ఏడిస్తే ఫారం బాగవ్వదు. రేపు కూకుని సరిసెయ్యి" అన్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

మేడం పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నేను పెద్ద పెద్ద సంస్థలకు ఇలాంటి ఏర్పాట్లు చేసిపెడుతుంటాను. నా కింద పనిచేసేవాళ్ళెవరైనా పొరపాటు చేస్తే, పైవాళ్ళ ముందు వాళ్ళ పేరు నా నోట రాదు. ఆవిడ ముందు నిలబడి ఏనాడూ కృతజ్ఞత చెప్పుకోలేదు. ఆ బాధ నాకుంది. ఏ కొత్త ఫారం తయారైనా జనంలోకి వదిలే ముందు ఒకే ఫోన్ నంబరుతో ఇరవై మూడు పేర్లు నా చేత్తో నేనే కొడతాను. మొదటి పేరు నూకరత్నం. ఇరవై మూడోది కొట్టాక జాబితా తెరిచి, ఆ పిల్ల ఉందా లేదా అని పైకి వెతుక్కుంటూ వెళతాను. ఉంటుందని తెలుసు, ఆ ఫారం రాసింది నేనే. అయినా ఆ పేరు కంటపడేదాకా ఊపిరాడదు.