అక్షరాల వెనక జహీరున్నీసా

చోడవరం బస్టాండు పక్క సందులో సుభాని కొట్టు. అర్జీ ఏదైనా సరే, అతను టైపు కొడితే ఆఫీసరు చదివి తీరతాడని చుట్టుపక్కల పేరు. ఇరవై రెండేళ్లు టైపు మిషను మీద వేళ్లు అరగదీసుకుని, తొంభై ఏడులో దాన్ని అటకెక్కించి కంప్యూటరు కొన్నాడు. గోడవైపు మొహం పెట్టి కూచుంటాడు. వెనకాల గుమ్మం దగ్గర బల్ల. తమ కాగితం తమ కళ్లముందు తయారైతే తప్ప జనానికి నమ్మకం కుదరదు కాబట్టి, బల్లమీద కూచున్నవాళ్లకి అతని భుజం మీంచి తెర కనబడుతూ ఉండాలి. చదువు రానివాళ్లు కూడా రెప్పవాల్చకుండా చూస్తారు. అదో తృప్తి.

అతని భార్య జహీరున్నీసా తొంభై ఎనిమిదిలో వానలప్పుడు పచ్చకామెర్లతో పోయింది. పిల్లల్లేరు. ఆవిడ గొంతు ఇంట్లో ఇంకా వినబడుతున్నట్టే ఉండేది. మొహమే, ఏం పాపమో, రోజురోజుకీ జారిపోతోంది. కళ్లు మూసుకుంటే కొంగు కనబడేది, చేతులు కనబడేవి, మొహం దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. ఇరవయ్యేళ్లు కాపురం చేసిన మనిషి మొహం మరిచిపోతున్నానే అని సుభాని కుమిలిపోయాడు.

ఫోటో చూసుకోవచ్చు కదా అంటారేమో. ఎక్కడుంది గనక? పెళ్లినాడు కూడా ఆవిడ కెమెరాకి దొరకలేదు. పరాయి మగవాళ్ల కంట పడడం ఆవిడకి చచ్చినా ఇష్టం లేదు. ఉన్నదొక్కటే, ఓటు కార్డు మీద బొటనవేలి గోరంత బొమ్మ. అదైనా సుభాని మూడు రోజులు బతిమాలి, కార్డులకి ఫోటోలు తీస్తున్న బడికి తీసుకెళితే దిగింది. ఇంటికొచ్చేదాకా సతాయించింది. కార్డు చేతికొచ్చాక పెట్టె అడుగున పడేసి, "ఇది ఎవరికైనా చూపించావో, నేను ఊరుకోను" అంది. అతను సరేనన్నాడు.

ఆవిడ తమ్ముడు ఆబిద్ విశాఖపట్నంలో కంప్యూటర్ల కొట్లో పని చేస్తాడు. తొంభై తొమ్మిదిలో ఒక ఆదివారం వచ్చి, పత్రికతోపాటు వచ్చిన సీడీలోంచి బావగారి కంప్యూటర్లోకి లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించాడు. సరదాకి ఒక తమాషా కూడా చూపించాడు. టైపు కొట్టే విండో ఒక్కదాన్నీ అద్దంలా చేయొచ్చు, వెనకాలున్న బొమ్మ అక్షరాల సందుల్లోంచి కనబడుతుంది.

"ఆ ఒక్కదానికేనా? మిగతావి మామూలుగానే ఉంటాయా?" అన్నాడు సుభాని.

"దేనికి కావాలంటే దానికే, దుల్హాభాయ్."

ఆ వారమే విశాఖ వెళ్లి, ఓటు కార్డు బొమ్మని స్కాన్ చేయించి, ఫ్లాపీలో తెచ్చుకున్నాడు. బొమ్మని ఒక విండోలో తెరిచి, దాని మీద అర్జీ విండో పెట్టాడు. కనబడితే ఒట్టు! ఫోన్ చేస్తే ఆబిద్ నవ్వాడు. అది నిజం అద్దం కాదట. వెనకాలున్న విండోని చూపించదట, అన్నిటికన్నా అడుగున పరిచిన వాల్‌పేపర్నే చూపిస్తుందట. అంటే జహీరున్నీసాని గోడకెక్కించాలన్నమాట.

వారం రోజులు మనసొప్పలేదు. చివరికి బెంగే గెలిచింది. పొద్దున్నే షట్టరు ఎత్తకముందే బొమ్మని తెరంతా పరిచి, మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మామూలు విండోలు కప్పేవాడు. అర్జీ విండో ఒక్కటే అద్దం. దానికి కూడా, బొమ్మ మసకబారేలా నలుపు పూశాడు. వందకి అరవై పాళ్లు, డెబ్బై, డెబ్బై అయిదు. అక్కడ ఆపాడు. గోరంత బొమ్మని అంత పెద్దది చేస్తే ఏముంటుంది? బూడిదరంగు గళ్లు. ఇది కన్నయి ఉంటుంది, ఇది గడ్డం అని వెతుక్కుంటూ టైపు కొట్టేవాడు. ఇంత దగ్గర కూచున్న నాకే కనబడనిది బల్లమీది వాళ్లకేం కనబడుతుందిలే అనుకున్నాడు, వెర్రిబాగులవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఒకరోజు దేవరాపల్లి నుంచి నరసమ్మ అనే ముసలావిడ వితంతు పింఛను అర్జీకి వచ్చింది. తోడు మరిది పరదేశి. సుభాని నాలుగు లైన్లు కొట్టేసరికి వెనకనించి నరసమ్మ అడిగింది.

"బాబూ, ఆ రాతల ఎనకాతల అమ్మెవులు?"

సుభాని వేళ్లు ఆగిపోయాయి. "ఏ అమ్మ?"

"అదేటి బాబూ, అలగంటావు! నీ కేసే గుర్రుగా సూస్తంది కదా. ముక్కుపుడక్కూడా అవుపిస్తంది."

"మొన్న సంతనాడు నానూ సూసేను మేస్టారూ," అన్నాడు పరదేశి నసుగుతూ. "మీ ఇంటావిడే కావాల అనుకుంటన్నారు అందరూ. అడిగితే బాధపడతారని అడగనేదు."

ముక్కుపుడక! అతను మరిచేపోయాడు. లేచి వెళ్లి వాళ్ల పక్కన బల్లమీద కూలబడ్డాడు. అక్కడినుంచి చూస్తే గళ్లన్నీ కలిసిపోయాయి. ఎదురుగా జహీరున్నీసా. అదే గడ్డం, అదే కోపం, ఎడమ కనుబొమ్మ పక్కన చిన్న మచ్చతో సహా. మూడు నెలలుగా సంతకొచ్చినవాళ్లంతా చూశారు, ఒక్క సుభాని తప్ప. భోరున ఏడ్చాడు.

"పోనాదా బాబూ?" అంది నరసమ్మ.

"ఏడాది దాటింది. మగోళ్లు సూడ్డం ఆవిడకి ఇష్టం నేదమ్మా." కళ్లు తుడుచుకుని, తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. "పోయిన మనిషికి ఇంకా పరదా ఏటిలే."

మళ్లీ వచ్చి కుర్చీలో కూచున్నాడు. "నీ పెనిమిటి పేరేటమ్మా?"

నరసమ్మ సిగ్గుపడి తల పక్కకి తిప్పుకుంది. "పరదేశీ, మీ అన్న పేరు నువ్వు సెప్పరా."

"ఆయన లేడు కదమ్మా. ఇప్పుడు పేరు సెప్తే ఏటవుద్ది?" అన్నాడు సుభాని.

"ఆయన నేకపోతే? నానున్నాను కదా బాబూ."

పరదేశి చెప్పాడు, పెదబాబు అని. సుభాని ఆ పేరు కొట్టి, అర్జీ పూర్తి చేసి, ప్రింటు తీసి ఇచ్చాడు. ఇచ్చాక, "పరదేశీ, ఒక్క చిటికె బయట నిలబడవా," అన్నాడు. పరదేశి తువ్వాలు భుజాన వేసుకుని తెర వంక చూడకుండా వీధిలోకి వెళ్లాడు. నరసమ్మ కూడా అతని వెనకే వెళ్లి, షట్టరు సగం దించింది.

విండోలన్నీ మూసి, బల్లమీదికి వచ్చి కూచుని సుభాని జహీరున్నీసాని తనివితీరా చూశాడు. క్షమించమన్నాడు. తర్వాత లేచి బొమ్మ తీసేశాడు, ఫ్లాపీ చెరిపేశాడు.

ఆ తర్వాత బల్లమీద కూచున్నవాళ్లకి అర్జీ తప్ప ఏమీ కనబడలేదు. సుభానికీ అంతే.