గీయడానికి ఏమీ లేని షీటు

ఉప్పునీళ్లలో ముంచిన గాజుగుడ్డను పిండినప్పుడల్లా వేళ్లకు తగిలే చల్లదనం నన్ను తిరువళ్లూరులోని రాజేశ్వరి అక్క క్లినిక్కుకు లాక్కుపోతుంది. ఇప్పుడు తిరుత్తణిలో నాకూ ఒక ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. ఈ ఉదయం కూడా అదే తడిగుడ్డ, అదే చిన్న యంత్రం, గుండెలో అదే ఆత్రం. మొండిపుండును సన్నని కరెంటుతో మానే దారికి తేవచ్చని నాకు నేర్పింది అక్కే. మొదటిసారి విన్నప్పుడు ఈవిడకు మతి పోయిందనుకున్నాను.

నేను ఆమె దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్తలో పాండూరు నుంచి గోవిందు మామ వచ్చాడు. చెరకు రైతు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ పోయింది. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు నెలల తరబడి మానలేదు. ఇంకో నెలన్నరలో తగ్గుముఖం పట్టకపోతే వేలు తీసేయాల్సిందేనని సర్జన్ చెప్పేశాడు.

"వేలు పోతే బురద గట్టు మీద యాడ నిలబడేదమ్మా?" అన్నాడు మామ.

అక్క ఉత్తుత్తి ధైర్యం చెప్పే మనిషి కాదు. "కట్టు మానొద్దు, మందులు మానొద్దు, నేనిచ్చే చెప్పు లేకుండా అడుగు వెయ్యొద్దు. వాటికి తోడు ఈ కరెంటు. కొందరికి పని చేస్తాది మామా, చూద్దాం. సరియా?" అంది.

ప్రతి సోమవారం పుండు మీద శుభ్రమైన పారదర్శక షీటు పరిచి, అంచు వెంట మార్కరుతో గీసి, కింద తేదీ వేసేది. "మన కళ్లు ఆశకొద్దీ చూస్తాయి, గీతను నమ్ము" అనేది. మూడో సోమవారం కొత్త గీత పాత గీతకు లోపల పడింది. నేను ఎగిరి గంతేశాను. "గంతులు తర్వాత, ముందు తేదీ వెయ్యి" అంది. అంటూనే ఆమె కూడా రెండు షీట్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ చూసుకుంది.

ఆ వారంలోనే అక్క ఒకరోజు చెన్నై వెళ్లింది. మామ యంత్రం వంక అనుమానంగా చూశాడు. "చీమ కుట్టినట్టయినా లేదే. మా మోటారు గుర్రుమనకపోతే కరెంటు రాలేదనే గదా లెక్క. కొంచెం ఎక్కువకు తిప్పు పాపా, సీక్రం మానిపోతాది."

నేనూ ఆర్.కె.పేట రైతు ఇంటి పిల్లనే. మోటారు చప్పుడు వింటూ పెరిగిన నాకు ఆయన మాట న్యాయంగానే తోచింది. మీట తిప్పాను. మామ నవ్వుతూనే కూర్చున్నాడు. గుడ్డ తీస్తే పుండు పక్కన చర్మం ఎర్రగా కమిలి, బొబ్బ లేచి ఉంది.

మరునాడు అక్క నన్ను తిట్టలేదు. మామ ఎదురుగా కూర్చుని, "ఇది మేము చేసినాము మామా. తప్పు మాది" అంది. సర్జన్‌కు తానే ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఇంకొంత గడువు అడిగింది. ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. తర్వాత యంత్రం వైర్ల చివరి పట్టీలు నా ముంజేతికి అంటించి, తెలిసీ తెలియని జలదరింపు దగ్గర మీట ఆపింది. "స్పర్శ లేని కాలిని అడిగినావే! తెలిసే చోట చూసుకుని, అంతకు లోపలే ఉండాల." ఆ తర్వాతి సోమవారం గీత బయటికి పోయింది. ఆ షీటు కింద తేదీ నేనే వేశాను.

గీత మళ్లీ లోపలికి తిరగడానికి మూడు వారాలు పట్టింది. తిరిగాక సర్జన్ వేలి మాట ఎత్తలేదు. పుండు చిక్కుడుగింజంత అయింది, తర్వాత పెసరగింజంత. సోమవారం కోసం ఆదివారం నుంచే కాలు నిలిచేది కాదు నాకు. చివరికి ఒకరోజు అక్క షీటు పరిచి, మార్కరు మూత తీసి, నా చేతికిచ్చింది. బొటనవేలి కింద గులాబిరంగు కొత్త చర్మం తప్ప ఏమీ లేదు.

"ఏం గీయాల అక్కా?"

"తేదీ వెయ్యి" అంది. ఆమె కళ్లు నిండిపోయాయి. మామ ఆ ఖాళీ షీటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఎంతసేపు చూశాడో.

అక్క ఇప్పుడు లేదు. ఈ ఉదయం కే.జీ.కండిగై నుంచి కాలిపుండుతో వచ్చిన ఒకామె, "ఏమీ తెలియలేదే, ఎక్కువ పెట్టమ్మా" అంది. నేను పట్టీలు ముందు నా ముంజేతికి అంటించి చూపించాను. తర్వాత సొరుగు తెరిచి రెండు షీట్లు తీశాను. ఒకటి ఆ ఖాళీది. రెండోది గీత బయటికి పోయినది, నేను చేసినది. దాన్ని చూపకుండా ఖాళీ షీటును నేను ఎవరికీ చూపను.