అబ్బాయిగారి కార్డు

మా హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, పిల్లల భాషలో డ్రిల్లు మేష్టారిని. నాకు కోపం, వేళాకోళం రెండూ ఎక్కువే. కోపం వల్ల ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు గానీ, ఆ వేళాకోళం ఒక పిల్ల కొంప ముంచింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఆ పిల్ల ఆరో తరగతిలో చేరిన రోజు అడ్మిషన్ కాగితాలు రాసింది నేనే. వాళ్లమ్మ అల్లవరం వైపు రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్తుంది. ఐసులో నాని తెల్లబడిన వేళ్లతో కవరు విప్పి ఆధార్ కార్డు ఇచ్చింది. పిల్ల రెండు జడలతో, చెవులకు పోగులతో పక్కనే నిలబడి ఉంది. కార్డులో మాత్రం పురుషుడు అని ఉంది. ఎప్పుడో ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు టైపు చేసినవాడు చూసుకోలేదు. స్టాఫ్ రూమంతా నవ్వుకున్నాం.

"ఇది మార్పించాలమ్మా," అన్నాను.

"అమలాపురం వెళ్లాలంట కదండీ. పని పోద్దండి. మరీ అవసరమంటే వెళ్తానండి."

"తొందరేముందమ్మా, తర్వాత చూద్దాంలే."

ఆ మాట అన్నది నేనే. స్కూలు రిజిస్టరులో బాలిక అని రాసి ఊరుకున్నాను. ఆ తప్పు వల్ల మధ్యాహ్న భోజనం ఆగలేదు, పుస్తకాలూ ఆగలేదు. దాంతో నేనూ మర్చిపోయాను.

పూర్తిగా మర్చిపోయానని కూడా అనలేను. ఆ రోజే పిల్లకు అబ్బాయిగారు అని పేరు పెట్టాను. "ఏవండీ అబ్బాయిగారూ, లైను గీశారా?" అంటే "ఆయ్, గీత్తన్నానండీ!" అంటూ పరుగెత్తేది. కబడ్డీలో కూతకు వెళ్తే అవతలి జట్టు వెనక్కి వెనక్కి జరిగిపోయేది. జిల్లా జట్టులోకి ఎక్కితే హాస్టలున్న క్రీడా పాఠశాలలో సీటుకు ప్రయత్నిద్దామని ఆశపెట్టాను. "ఎక్కడికైనా వెళ్తానండి మేష్టారూ, ఆ రొయ్యల షెడ్డుకి మాత్రం వెళ్లనండి," అనేది.

తొమ్మిదో తరగతిలో సెలక్షన్లకు పేర్లు ఆన్‌లైన్‌లో పంపాల్సి వచ్చింది. కార్డు నంబరు కొట్టగానే పిల్ల పేరు బాలుర జాబితాలో పడింది. మర్నాడే తల్లినీ పిల్లనీ అమలాపురం తీసుకెళ్లి మార్పుకు పెట్టించాను. తల్లికి ఫోను లేదు కాబట్టి నా నంబరే ఇచ్చాం. కొత్త కార్డుకు కొన్ని వారాలు పట్టొచ్చన్నారు. సెలక్షన్లేమో నాలుగు రోజుల్లో ఉన్నాయి.

అయినా మొండిగా తల్లినీ పిల్లనీ తీసుకెళ్లాను. అక్కడ కాగితాలు చూసే ఆయన మర్యాదస్తుడే.

"రెండే దార్లున్నాయండి. ఆడపిల్లేనని డాక్టరు సర్టిఫికెట్టు తెండి. లేదంటే ఈ పిల్ల బాలికేనని, తేడా వస్తే బాధ్యత నాదని మీరే రాసి సంతకం పెట్టండి."

పెన్ను మూత తీశాను. పక్కనే వేరే స్కూలు మేష్టారొకాయన నవ్వుతూ అందుకున్నాడు.

"ఇందాక గ్రౌండులో అబ్బాయిగారూ అని మీరే పిలిచేరు కదండీ. అందరం విన్నాం. రేపు ఎంక్వయిరీ వస్తే మీ మెడకే చుట్టుకుంటుంది, చూసి రాయండి."

నాకు తెలియక కాదు. నాలుగేళ్లుగా ఆ పిల్లను చూస్తున్నాను. తెలిసి కూడా భయపడ్డాను. ఎవరో ఆటగాడి వయసు తప్పుగా రాసిచ్చి సస్పెండైన మేష్టారొకాయన గుర్తొచ్చాడు. రిటైరు కావడానికి నాకిక రెండేళ్లే. పెన్ను మూత పెట్టేశాను.

"డాక్టరు దగ్గరికే వెళ్దామమ్మా," అన్నాను తల్లితో.

"డాక్టరుగారు ఏం చూత్తారండీ?" అంది.

కాగితాలు సర్దుతూ తల దించుకున్నాను. పిల్ల మాత్రం నన్నే చూసింది.

"నేను ఆడపిల్లనని మీకు తెల్దాండీ, మేష్టారూ?"

"తెలుసమ్మా."

"మరి రాయండి."

రాయలేదు. తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కేసింది.

దసరా సెలవుల తర్వాత పిల్ల బడికి రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. ఆ తర్వాత ఒకరోజు మార్పు పూర్తయిందని నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. కొత్త కార్డు ప్రింటు తీయించి, తల్లితో పాటు పిల్ల కూడా పనికి వెళ్తోందని విని, సిగ్గు విడిచి రొయ్యల షెడ్డుకు వెళ్లాను.

"ఎవరు కావాలండీ?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

నోటిదాకా అబ్బాయిగారు అనే వచ్చింది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ పిల్లను సొంత పేరుతో పిలవలేదు. కార్డు చూసి పేరు చదివాను.

వచ్చింది. పిల్ల తలకు ప్లాస్టిక్ టోపీ ఉంది. తెల్లగా నానిన వేళ్లతో కార్డు అందుకుని, స్త్రీ అని ఉన్నచోట కాసేపు చూసింది.

"వచ్చే ఏడు మళ్లీ సెలక్షన్లుంటాయమ్మా. బడికి రా, నేనే తీసుకెళ్తాను," అన్నాను.

"మళ్లీ ఎవరైనా అడిగితే రాత్తారాండీ?"

"రాస్తానమ్మా."

"ఆయ్," అంది మర్యాదగా. కార్డు తడిసిపోద్దని నా చేతికే తిరిగిచ్చి, లోపలికి వెళ్లిపోయింది.