కోళ్ళ గూటి ముందు సాన్పి

అల్ ఖోర్‌లో నేను పనిచేసిన అరబ్బు ఇంట్లో నా ఉద్యోగం పేరు తోటపని. తోట అంటే వెనుక గోడ వెంట వరసగా ఖర్జూరపు చెట్లు, ఒక నిమ్మచెట్టు, వాటి పక్కన కోళ్ళ గూడు. చెట్లకు నీళ్ళు సన్న గొట్టాల్లోంచి వాటంతటవే వచ్చేవి. కాబట్టి నిజానికి నన్ను పెట్టుకున్నది కోళ్ళ కోసం. అవి ఇంటి పెద్దావిడవి. పనివాళ్ళం అందరం ఆమెను మామా కబీర అనేవాళ్ళం. ఉదయం నమాజు కాగానే ఎండు రొట్టెముక్కలు కొంగున పోసుకుని వచ్చి, గూటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. కొడుకుతో, కోడలితో మాట్లాడిన దానికంటే ఆ కోళ్ళతోనే ఎక్కువ మాట్లాడేది.

మా వంశంలో కోళ్ళ గూడు ఊడ్చిన మొదటి మనిషిని నేనే. మా తాతగారి బండి వస్తుంటే జనం దారి వదిలి నిలబడేవారు. ఆ భూములు కొన్ని సీలింగు చట్టంలో పోయాయి, కొన్ని దాయాదుల వ్యాజ్యాల్లో పోయాయి, మిగిలినవి మా నాన్నగారి ధారాళత్వంలో పోయాయి. నడుము వంచకుండా నిలబడే అలవాటు ఒక్కటి నా వాటాకు వచ్చింది. ఖతర్ వచ్చిన కొత్తలో ఒక బిల్డింగు పనిలో ఉన్నాను. అక్కడి ఫోర్‌మన్ మనుషుల్ని పిలిచే తీరు నాకు సరిపడక ఈ ఇంట్లో చేరాను. కోళ్ళు ఎవరినీ అలా పిలవవు.

ఆ ఇంటి వంటాయన నిజామాబాదు వైపు ముసల్మాను. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను దొరా అనేవాడు. ఆ పిలుపులో సగం వెటకారం ఉండేది. అయినా అది నాకు చెల్లే మాట కనుక పలికేవాణ్ణి.

పనిలోకి ఇస్త్రీ చొక్కాతోనే దిగేవాణ్ణి. గూట్లో రెట్ట గీకడానికి ఇచ్చిన ఇనుప దంతె పొట్టిది, దానితో పని చేయాలంటే వంగాలి. కట్టడం దగ్గర పారేసిన ఒక పైపు ముక్క తెచ్చి పిడికి బిగించుకున్నాను. ఆ తర్వాత నిటారుగా నిలబడే గూడంతా గీకేవాణ్ణి.

"దొర ఎవుసం జేస్తున్నడా, రెట్ట ఎత్తుతున్నడా?" అనేవాడు భాయ్ వంటింటి కిటికీలోంచి.

"ఏది జేసినా నిలవడి జేస్తున్న భాయ్. నువ్వు ఉల్లిగడ్డలు గూసోని గోస్తవు, నేనేమన్న అన్ననా?"

ఊడ్చిన చోట నీళ్ళు చల్లకుండా వదలడం మాకు అలవాటు లేదు. తెల్లవారి వాకిట్లో సాన్పి, అంటే పేడనీళ్ళ కళ్ళాపి, పడకపోతే ఆ ఇంట్లో ఏదో జరిగిందని మా వైపు ఇరుగుపొరుగు అడిగిపోతారు. ఇక్కడ పేడ దొరకదు కనుక వట్టి నీళ్ళే. రోజూ గూటిలోని ఇసుకను చదునుగా లాగి, గొట్టం పట్టుకుని, దుమ్ము అణిగేదాకా సన్నగా చల్లేవాణ్ణి. తడిసిన ఇసుక చూడటానికి ఎంతో శుభ్రంగా ఉండేది.

"కోడి ఇంటి ముంగట సాన్పి జల్లుతున్నవ్ దొరా, ఇగ ముగ్గొక్కటే తక్కువ," అన్నాడు భాయ్ ఒకరోజు.

"ముగ్గుపిండి ఈడ దొరకది గాని, దొరికితే ఏద్దును," అన్నాను.

అప్పుడు ప్రపంచకప్పుకు దేశమంతా సిద్ధమవుతోంది. మా అల్ ఖోర్‌లోనే పెద్ద గుడారంలాంటి స్టేడియం లేస్తోంది. నిన్న పోయిన దారి ఇవాళ తవ్వేసి ఉండేది. మామా కబీర కొడుక్కి కూడా ఆ ఊపు తగిలింది. మగవాళ్ళు అతిథులతో కూర్చునే మజ్లిస్ గది పెరటివైపే ఉంది. దాన్ని పెద్దది చేసి, ముందు అరుగు కట్టించి, చలికాలమంతా స్నేహితులతో అక్కడే ఆటలు చూడాలని ఆయన ఆలోచన. మేస్త్రీలు దిగారు.

సెప్టెంబరు ఉక్కలో ఒక సాయంత్రం ఆయన పని చూసుకోవడానికి పెరట్లోకి వచ్చాడు. గాలి గూటి మీదుగా వీచింది. ఆయన తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నిజమే, కొన్నాళ్ళుగా గూట్లో కళ్ళు మండే ఘాటు వస్తోంది. నేను రోజూ ఊడుస్తున్నాను, రోజూ నీళ్ళు చల్లుతున్నాను, వాసన మాత్రం రోజురోజుకూ ముదురుతోంది.

"రీహా వాజిద్!" అన్నాడు. వాసన విపరీతంగా ఉందని. తరువాత వచ్చీరాని హిందీలో తన తీర్పు చెప్పాడు. అరుగు పూర్తయ్యాక మొదటి బైఠక్ పెడతాడు. ఆ సాయంత్రం అతిథుల్లో ఒక్కరు ముక్కు మూసుకున్నా మర్నాడు కోళ్ళు వంటింటికి, గూడు చెత్తబండికి. "ఖలాస్!" ఇక అంతేనని.

మామా కబీర ఆ పూట కూడా గూటి ముందు కుర్చీలోనే ఉంది. ఒళ్ళోని పెట్టను నిమురుతూ నావైపు చూసింది. కోళ్ళు పోతే ఆమెకు ఉదయం ఉండదు. నాకు మళ్ళీ హెల్మెట్టు, క్యాంపు, ఆ ఫోర్‌మన్.

మొదటి ఉపాయం మామా కబీరదే. ఇంట్లో పెళ్ళిళ్ళకు వెలిగించే బుఖూర్ ధూపం తెప్పించి, నిప్పుల మీద వేసి గూటి చుట్టూ తిప్పమంది. తిప్పాను. కోడిపుంజు తుమ్మింది. రెట్ట వాసన పోలేదు సరికదా, దానికి అత్తరు కూడా తోడైంది.

భాయ్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "యా అల్లా! ఏం దొరా ఇది? కోళ్ళకు నిఖా జేస్తున్నవా?"

"మామా జెయ్యమన్నది, జేసిన."

"పెండ్లికొడుకు అగో తుమ్ముతున్నడు. కాజీని పిలవమంటవా?"

నవ్వుతూనే నిప్పులు ఆర్పేశాను.

దారి అనుకోకుండా దొరికింది. అరుగుకు సిమెంటు కలపడానికి మేస్త్రీలు నా నీళ్ళ గొట్టం పట్టుకుపోయారు. అడిగితే రేపు, రేపు అన్నారు. బతిమాలడం నావల్ల కాదు. పనివాళ్ళ ముందు చేయి చాపి గొట్టం అడుక్కునే మనిషిని కాను కనుక ఊరుకున్నాను. ఊడ్చాను గాని నీళ్ళు చల్లలేదు. వాకిలి పొడిగా వదిలినందుకు సిగ్గుగానే ఉండింది. ఆ వారం గడిచేసరికి గూటి తలుపు తీస్తే కళ్ళు మండటం లేదు. రెట్ట ఎండి, దంతె తగలగానే ఉండలుగా లేచి వస్తోంది. నీళ్ళగిన్నె చుట్టూ కోళ్ళు తొణికించిన చోట మాత్రమే పాత ఘాటు మిగిలింది. అక్కడ నిలబడి ఆ రెండు చోట్ల వాసన చూశాను. పొడి చోట లేదు, తడి చోట ఉంది. ఇన్నాళ్ళూ ఆ కంపును నా చేతులతో నేనే తడిపి పెంచుతున్నానన్నమాట. మా వాకిళ్ళలో నీళ్ళు చల్లితే ఎండకు ఇట్టే ఆరిపోతాయి, పైగా అక్కడ కోళ్ళు పడుకోవు. ఇక్కడ సముద్రపు ఉక్కలో, నీడలో, రెట్ట మీద చల్లితే అది ఆరేదెప్పుడు?

ఆ రోజు నుంచి గూటిలోకి నీటిచుక్క రానివ్వలేదు. నీళ్ళగిన్నెను ఇటుకల మీదికి ఎక్కించాను. పాత ఇసుక తీసేసి, వడ్రంగి దుకాణం నుంచి చిత్రిక పట్టిన చెక్కపొట్టు తెచ్చి మందంగా పరిచాను. హోటళ్ళకు తలుపులు చేసే రోజులవి, పొట్టుకు కొదవ లేదు. కానీ వాళ్ళు ప్లైవుడ్డు కోసిన జిగురు పొడి, రంగు చెక్కల తురుము అన్నీ ఒకే బస్తాలో తొక్కుతారు. నేను ప్రతి బస్తా విప్పించి, చేయి పెట్టి చూసి, తెల్లచెక్క పొట్టు తప్ప పుచ్చుకోలేదు. మా నాన్నగారు వడ్లు కూడా అలాగే చూసేవారు.

ఇక ఉదయం పని ఇలా ఉండేది. కోళ్ళు రాత్రి ఎక్కి కూర్చునే కర్ర కింద రెట్ట కుప్పపడుతుంది, ముందు దాన్ని తీసేయాలి. మిగతా చోట పొట్టును దంతెతో అడుగు నుంచి పైకి తిరగేయాలి. తడి కనిపిస్తే ఆ పిడికెడూ తీసి కొత్తది వేయాలి. కోళ్ళు కూడా కాళ్ళతో చిమ్ముతూ నాకు సాయపడేవి, వాటిది కూలిలేని పని. తీసిన రెట్టను పచ్చిగా చెట్లకు వేస్తే వేళ్ళు మాడిపోతాయి కనుక గోడ మూల గోనెపట్టా కప్పి మాగబెట్టేవాణ్ణి.

చలి మొదలయ్యాక బైఠక్ జరిగింది. అరుగు మీద తివాచీలు, మధ్యలో నిప్పుల కుంపటి, గోడకు పెద్ద టీవీ. నేను మరో ఇస్త్రీ చొక్కా వేసుకుని గూటి పక్కన నిలబడ్డాను. సరిగ్గా ఆ సాయంత్రమే ఉత్తరపు గాలి గూటి మీదుగా అరుగువైపు తిరిగింది. భాయ్ అతిథులకు ఖహ్వా, అదే అరబ్బు కాఫీ, పోయడానికి వెళ్ళి, ప్రతిసారీ నా దగ్గరికి వచ్చి కబురు చెప్పేవాడు.

"దొరా, మూలకు గూసున్నోడు ముక్కు ఎగబీల్చిండు."

"మూసుకున్నడా?"

"ఆగు, సూసొస్త." వెళ్ళి వచ్చాడు. "జలుబంట. దవా అడుగుతున్నడు."

"నీయవ్వ భాయ్, పానం దీస్తున్నవు."

ఆటలో ఎవరో గోలు కొట్టారు. కేకలకు కోడిపుంజు మేలుకుని గొంతెత్తింది. అరుగు మీద తలలు ఇటు తిరిగాయి. తెల్లగడ్డం అతిథి ఒకాయన లేచి, ఇక్కడ కోళ్ళున్నాయా అని అడుగుతూ మావైపు నడిచాడు. ఇంటి యజమాని ఆయన వెనకే గబగబా వచ్చాడు. నేను గూటి తలుపు తీసి పక్కకు జరిగాను. పెద్దాయన లోపలికి తొంగిచూసి, వంగి, గుప్పెడు పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఖషబ్," అన్నాడు. చెక్క అని. గుప్పిట యజమానివైపు చాపాడు.

యజమాని నావైపు చూశాడు, కోళ్ళవైపు చూశాడు, మొహమాటంగా వంగి వాసన చూశాడు. తలగుడ్డ కొస మీదికి చేయి వెళ్ళలేదు.

పైన కిటికీలోంచి మామా కబీర గొంతు వినిపించింది. "హా?" ఏమైందని.

"ఖలాస్ యుమ్మా," అన్నాడు కొడుకు. అయిపోయిందమ్మా అని. కోళ్ళు ఉంటాయని కూడా చెప్పాడు.

కిటికీ రెక్క పడింది. లోపల ఆమె నవ్వు పెరట్లోకి వినిపించింది.

పెద్దాయన చేయి దులుపుకుంటూ, తన ఇంట్లో కూడా కోళ్ళున్నాయనీ, దగ్గరికి పోలేకపోతున్నామనీ, శుక్రవారం ఒకసారి వచ్చి చూడమనీ హిందీలో అడిగాడు. తన తోటమాలి పికప్ ఇటు వస్తుంది, వెనక ఎక్కి రావచ్చన్నాడు.

వస్తాను కాని కారు పంపండి, పికప్ వెనక ఎక్కను అన్నాను. యజమాని కళ్ళు పెద్దవి చేశాడు. పెద్దాయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, కారే పంపుతానన్నాడు.

వాళ్ళు అరుగు ఎక్కేదాకా ఆగి భాయ్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "రెట్ట ఎత్తనీకి కారు బిలిపిచ్చుకున్నోన్ని నిన్నొక్కన్నే సూసిన దొరా."

"పిలిచినోళ్ళు వాళ్ళు గదా భాయ్, నేను బోయి అడిగిన్నా? పో, ఖహ్వా సల్లారుతున్నది."