కానుగ నూనె సీసా

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సులో ఒక పెద్దాయన నా పక్క సీట్ల కూసున్నడు. ఒళ్లె బట్ట చుట్టిన సీసా ఉంది. కండక్టర్ వాసన పట్టిండు.

"డీజిల్ గిట్ల బస్సుల తేవద్దు తాతా."

"డీజిల్ కాదు బిడ్డా, కానుగ నూనె. నేనే గానుగల ఆడిచ్చిన. పొలం కాడ నా ఆయిలింజన్ దీంతోనే నడుస్తది. మొక్కలిచ్చిన ఆఫీసుల చూపియ్య పోతున్న."

"ఇంజన్ నడిస్తే డీజిల్ లెక్కనే. గజ్జికి మందని చెప్పు, నేను ఏమనను."

పెద్దాయన సీసాకు చుట్టిన బట్ట బిగించిండు.

"డీజిల్ కొనే బాధ తప్పుతదని సార్లే మొక్కలిచ్చిన్రు. గింజలు మేమే కొంటమన్నరు. చెట్లు కాసే యాళ్లకు ఒక్కరు రాలే. నేను నూనె తీసి ఇంజన్ల పోస్తే నడిచింది. ఇప్పుడు గజ్జి మందని ఎట్లంట?"

బస్సు ఆపించుకొని అడవి మధ్యల దిగిండు. సీసా చంకల పెట్టుకొని భద్రాచలం దిక్కే నడక పట్టిండు.

కొన్నేండ్ల కింద ఊరూరు తిరిగి కానుగ మొక్కలు పంచిన సార్లల్ల నేనూ ఒకణ్ణి. గింజలు కొంటమని చెప్పిన నోరు నాదే. చెట్లు కాసినయని చెప్పేటందుకు ఆయన పోతున్నది నా అసోంటోళ్ల దగ్గరికే. బస్సు కదిలేదాకా నేను టికెట్ దిక్కు చూసుకుంట కూసున్న.