పెద్దదంటే ఏది?

ఆయన నోట్లో మిగిలినవి మూడే పళ్లు. అయినా ఊరంతా ఆయన్ని పళ్లాయన అనే పిలిచేది. గేరు పళ్లు లెక్కపెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు మరి. బండి వెనకిరుసులోని గేర్లపెట్టె, అదే డిఫరెన్షియల్, విప్పి బల్ల మీద పెడితే చాలు, ఒక పన్ను మీద సుద్దముక్కతో గీత గీసి, చక్రం తిప్పుతూ లోలోపల ఏదో గొణుక్కుని, గీత మళ్లీ ఎదురయ్యేసరికి అంకె చెప్పేసేవాడు. పదహారో ఏట కిరసనాయిల్లో గేర్లు కడగడంతో మొదలైన బతుకు అది. కిటికీ పక్కన, నూనె పట్టి నల్లబడిన ఆ చెక్కబల్ల మీదే నలభై ఆరేళ్లు గడిచిపోయాయి.

కూతురికి ఒకట్లు రెండ్లు నేర్పిందీ ఆ బల్ల మీదే. పెద్ద చక్రాన్ని, అంటే క్రౌన్‌ని, ముందు పెట్టి ఒక్కో పన్నూ తాకిస్తూ నలభై ఒకటి దాకా లెక్కపెట్టించేవాడు. తర్వాత దాన్ని తిప్పే చిన్న చక్రాలు, అంటే పినియన్లు, రెండు చేతిలో పెట్టి అడిగేవాడు. "పదకొండు పళ్లది ఏదమ్మా?" "పెద్దది నాన్నా." "తొమ్మిది పళ్లది?" "చిన్నది." "పెద్దది వేస్తే?" "బండి ఉరుకుతుంది." "చిన్నది వేస్తే?" "కొండెక్కుతుంది!" అని చప్పట్లు కొట్టేది పిల్ల. ఆ షాపులో అదే భాష. బయట కేటలాగుల్లో పద్ధతి వేరు. అక్కడ నలభై ఒకటిని పినియన్ పళ్లతో భాగించి, తొమ్మిది పళ్లదాన్ని నాలుగున్నర రేషియో అంటారు, పదకొండు పళ్లదాన్ని మూడూ ముప్పావు అంటారు. అంటే అంకె పెద్దదైతే పినియన్ చిన్నదన్నమాట. పళ్లాయన కేటలాగు మొహం ఏనాడూ చూసినవాడు కాదు. చేతికి ఏది పెద్దగా తగిలితే అదే పెద్దది.

ఆయన అల్లుడు కూడా ఆ బల్ల దగ్గరే పదకొండేళ్లు పని నేర్చుకున్నాడు. కళ్లకి ఆపరేషన్ అయిన ఏడాది, "ఇంకెన్నాళ్లు చేస్తాంలే" అని పళ్లాయన షాపు కాస్తా కూతురి పేరా, అల్లుడి పేరా రాసిచ్చేశాడు. మంచివాడు, ఏం చేస్తాం! రాసిచ్చాక తెలిసింది, అల్లుడిగారి కడుపులో ఎంత మంట ఉందో. కొత్త బోర్డు పెట్టినా, అద్దాల గది కట్టించినా, వచ్చిన ప్రతివాడూ గుమ్మంలోనే అడుగుతాడు. "పళ్లాయన ఉన్నాడా?" ఓనరు తను, అడిగేది మామని. పోయిన నెల ఒకరి బండిలో ఆయిల్ సీలు కారితే, తప్పు సీలుదే అయినా, అందరి ముందూ అనేశాడు. "ఇంకొక్క కంప్లయింట్ వచ్చిందంటే బల్ల తీసేస్తా మామయ్యా. మీరు పైన గదిలో విశ్రాంతి తీసుకోవచ్చు."

విశ్రాంతట! బల్ల లేకపోతే తనకి పొద్దున లేవాల్సిన పనేముంది? ఆ రోజు నుంచి పళ్లాయన గుండె గుప్పిట్లో పెట్టుకుని పనిచేశాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది పళ్ల డాక్టరమ్మ ఎర్ర స్పోర్ట్స్ కారు. ఇంజిన్ బలం పెంచించుకుంది, ఇక గేరు రేషియో మార్చించాలని తెచ్చింది. సరిగ్గా ఆమె వచ్చే వేళకి అల్లుడు మామని బేరింగులు తెమ్మని బజారుకి పంపాడు. తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ లేదు, కారు మాత్రం ఉంది.

"ఎక్కడానికా, ఉరకడానికా?" అని అడిగాడు పళ్లాయన. నలభై ఆరేళ్లలో ఆ ప్రశ్న అడక్కుండా ఒక్క నట్టు విప్పి ఎరగడు.

"పెద్దది కావాలంది. ఆవిడ నోటితో అన్నమాట. పెద్దది వెయ్యండి."

"ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కుంటే..."

"ఒక్క ముక్క చెబితే వంద ప్రశ్నలా? చేతకాకపోతే చెప్పండి మామయ్యా, మొన్న చేరిన కొత్త మెకానిక్‌తో చేయించుకుంటా."

పళ్లాయన రెంచీ అందుకున్నాడు. కారు కిందికి దూరుతూ టైర్లు తడిమి చూశాడు. మెత్తగా, వేలికి అతుక్కునేలా ఉన్నాయి. వంపుల్లో పట్టు కోసం వేసుకునే టైర్లవి. తిన్నని రోడ్డు మీద ఉరికే బండికి ఇవెందుకబ్బా అని మనసు పీకింది. లేచి వెళ్లి అడగాల్సింది. అడగలేదు. బల్ల కళ్లముందు మెదిలింది. పదకొండు పళ్ల జత తీసి, పళ్ల మీద నీలం రంగు పూసి, పళ్లు ఒకదానికొకటి ఆనిన అచ్చు సరిగ్గా మధ్యలో పడేదాకా మూడుసార్లు విప్పి బిగించి, చప్పుడన్నది లేకుండా ఎక్కించాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వేసిందే తప్పు.

సోమవారం డాక్టరమ్మ నిప్పులు కక్కుతూ వచ్చింది. కొండ రోడ్డు మీద పందెమట. అందరికంటే బలమైన ఇంజిన్ పెట్టుకుని, మొదటి మలుపులోనే బండి గుర్రుమంటూ చతికిలబడిందట. ఆఖరి స్థానం!

"నాలుగున్నర వెయ్యమని చెప్పానా లేదా?" అంది.

"చెప్పారు మేడం, చెప్పారు," అన్నాడు అల్లుడు వినయంగా. "పెద్దది వెయ్యమనే చెప్పాను. ఏం మామయ్యా, చెప్పానా?"

"మన షాపులో పెద్దదంటే పదకొండు పళ్లది కదా!" అన్నాడు పళ్లాయన.  "నీకు తెలీదా అల్లుడూ?"

"మీ పాతకాలం లెక్కలు నాకేం తెలుస్తాయండీ? లోకమంతా పెద్ద అంకెనే పెద్దదంటుంది."

పళ్లాయన చుట్టూ చూశాడు. అద్దాల గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ప్రాణం లేచొచ్చింది ఆయనకి. "నువ్వు చెప్పమ్మా. పెద్దదంటే ఏది?"

కూతురు మొగుడి వంక చూసింది. తర్వాత నేల చూసింది.

"పెద్ద అంకే కదా నాన్నా. ఎవరైనా అంతేగా."

ఆయనకి తల తీసేసినట్టయింది. డాక్టరమ్మ కోపం దిగిపోయి జాలి పుట్టుకొచ్చింది. అది ఇంకా ఘోరం. "పోనీలెండి, పెద్దవాళ్లు. నా దగ్గరకొచ్చేవాళ్లూ ఇంతే, పై పన్ను నొప్పయితే కింది పన్ను చూపిస్తారు," అంది. షాపంతా గొల్లుమంది. అల్లుడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

"ఇది సరిచేసి కొత్త మెకానిక్‌కి సామాను అప్పజెప్పండి మామయ్యా. ఇక చాలు."

మర్నాడు పొద్దున్నే పళ్లాయన మళ్లీ కారు కిందికి దూరాడు. కొత్త మెకానిక్ రెంచీలు అందిస్తున్నాడు. కూతురు మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. అల్లుడు ఫోను చెవికి ఆనించుకుని హడావుడిగా అటు వచ్చాడు.

"ఇంకా ఆ పెద్దది దింపలేదా? త్వరగా చిన్నది ఎక్కించండయ్యా, డాక్టరమ్మ వచ్చేస్తోంది!"

కొత్త మెకానిక్ తెల్లమొహం వేశాడు. "అదేంటి సార్, ఎక్కించేది నాలుగున్నర కదా? అదేగా పెద్దదన్నారు నిన్న?"

 అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. పదకొండేళ్లు ఆ బల్ల భాష నేర్చిన నాలుక, దానికేం తెలుసు దాచడం! కూతురు చెయ్యి మెట్ల కమ్మీ మీద బిగుసుకుంది. ఇప్పుడైనా ఒక్క మాట అంటుందేమోనని పళ్లాయన కారు కింద నుంచి తల తిప్పి చూశాడు. ఆమె పాదాలు మాత్రమే కనిపించాయి. అవి వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాయి.

"మాటలు ఆపి పని చూడండి," అన్నాడు అల్లుడు.

"తొమ్మిది పళ్లది ఇవ్వు బాబూ," అన్నాడు పళ్లాయన కొత్త మెకానిక్‌తో. "ఇక్కడ చిన్నదంటే అదే. ఓనరుగారికి కూడా తెలుసు."

మధ్యాహ్నానికి కారు వెళ్లిపోయింది. ఆ వెంటనే బల్లని ఇద్దరు మోసుకెళ్లి వెనకాల పడేశారు. ఆ చోట గాలి కంప్రెసర్ పెట్టారు. పళ్లాయన చేతులు కడుక్కుని పై గదిలోకి వెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నాడు. జేబులో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కింద గుమ్మంలో ఎవరో అడిగారు. "పళ్లాయన ఉన్నాడా అమ్మా?"

"లేరండి," అంది కూతురు.

"అయ్యో! అయ్యయ్యో! ఎప్పుడు పోయారమ్మా? నాకు కబురే తెలీలేదే!"

పళ్లాయన కిటికీ చువ్వలకి చెవి ఆనించాడు. ఆ మాట కాదమ్మా, పైన ఉన్నారని చెప్పు. ఒక్క ముక్క.

 కింద అల్లుడి అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

"ఈమధ్యేనండి," అంది కూతురు.

కళ్లు మసకబారినా, పళ్లు ఊడిపోయినా, పళ్లాయన చెవులు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.